పేరు తెలియని చీమ దొరికితే: ప్రజాతి, జాతి ఎలా తేల్చాలి

"ఈ చీమ ఏంటండీ?" అంటూ ఫోటోలు పంపేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. చాలా ఫోటోల్లో గచ్చు మీద ఒక నల్ల చుక్క తప్ప ఏమీ కనిపించదు. దాన్ని చూసి పేరు చెప్పడం ఎవరి వల్లా కాదు. అలాగని ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. 2016లో వచ్చిన జాబితా ప్రకారం మన దేశంలో 100 ప్రజాతులకు చెందిన 828 జాతులు, ఉపజాతుల చీమలున్నాయి (ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు). మనం విడిగా పేరు పెట్టి పిలిచేవి గండుచీమ, ఎర్రచీమ, చలిచీమ లాంటివి కొన్నే. మిగతావి మన గుమ్మం ముందే తిరుగుతున్నా మనకు తెలియవు.

కింద చెప్పిన వరసలో చూసుకుంటూ వెళ్తే ఇంటి చుట్టుపక్కల దొరికే చీమను చాలాసార్లు ప్రజాతి వరకు మీరే తేల్చవచ్చు. కొన్నిసార్లు జాతి వరకూ వెళ్ళవచ్చు. ఒక్క మాట ముందే చెప్తాను: మీరు కళ్ళారా చూసిన లక్షణం ఎక్కడిదాకా తీసుకెళ్తే అక్కడ ఆగండి. ప్రజాతి దగ్గర సరిగ్గా ఆగిన గుర్తింపు, ఊహించి రాసిన జాతి పేరు కన్నా ఎంతో విలువైనది.

ఉదాహరణకు ఒక చీమను వెంట పెట్టుకుందాం. పేరు మెరానోప్లస్ బైకలర్. మన దేశంలో చాలా చోట్ల ఉంటుంది, అయినా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పొడవు 4, 5 మి.మీ. తల, ఛాతీ ఇటుక రంగు, పొట్ట నలుపు, ఒళ్ళంతా పొడవాటి లేత రంగు వెంట్రుకలు. ఎండ తగిలే బయలు నేలలో మట్టిలో గూడు పెడుతుంది. నెమ్మదిగా నడుస్తుంది. పుల్లతో తాకితే కాళ్ళు, మీసాలు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది.

కావలసినవి

- 10 రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం. నగల షాపుల్లో వాడేది సరిపోతుంది.
- 40 రెట్లు చూపే స్టీరియో మైక్రోస్కోప్. సొంతంగా కొనక్కర్లేదు, డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అడగండి. 3 మి.మీ. కన్నా చిన్న చీమకు ఇది లేకుండా పని జరగదు.
- మూత బిగుతుగా పట్టే చిన్న సీసాలు.
- మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డీఎన్ఏ పరీక్ష చేయించే ఆలోచన ఉంటే మాత్రం 95 శాతం ఇథనాల్ కావాలి.
- సన్నటి పెయింటింగ్ కుంచె, సన్న మొన ఉన్న పట్టకారు.
- పెన్సిల్, మందపాటి తెల్ల కాగితం, మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు.
- అరచేయంత ట్రేసింగ్ పేపర్. ఎందుకో తర్వాత చెప్తాను.

శానిటైజర్ జెల్ వాడకండి. అందులోని జిగురు చీమ ఒంటి మీద పొరలా ఎండిపోయి వెంట్రుకలూ గీతలూ కనిపించకుండా చేస్తుంది. స్పిరిట్ ఏదైనా సరే, పొయ్యి దగ్గర పెట్టకండి.

అభయారణ్యాల్లో, రిజర్వ్ ఫారెస్ట్‌లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క చీమనైనా తీయకూడదు. మీ పెరడు, పొలం, వీధి చాలు. మొదలుపెట్టేవాళ్ళకు అక్కడే కావలసినన్ని రకాలు దొరుకుతాయి.

1. ముందు అది చీమేనా చూడండి

వానాకాలంలో దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు చెదపురుగులు, చీమలు కావు. వాటి మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నగా ఉండదు. చీమ మీసానికి మోచెయ్యిలా వంపు ఉంటుంది, నడుము దగ్గర ఒకటో రెండో బొడిపెలుంటాయి. రెక్కల చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి.

మామిడి చెట్ల మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమల మధ్య అచ్చం వాటిలాగే ఉండే సాలీడు తిరుగుతూ ఉంటుంది. కాళ్ళు లెక్కపెట్టండి. ముందు రెండు కాళ్ళను మీసాల్లా ఎత్తిపట్టి నడుస్తుంది గాని మొత్తం ఎనిమిది ఉంటాయి.

2. బతికుండగానే రాసుకోండి

చచ్చాక తెలియనివి కొన్ని ఉంటాయి. బారుగా నడుస్తోందా, ఒంటరిగా తిరుగుతోందా? పొట్టను పైకెత్తి నడుస్తోందా? గూడు మట్టిలోనా, ఎండుపుల్లలోనా, చెట్టు మీదా? తాకితే కుట్టిందా, పరిగెత్తిందా, ముడుచుకుపోయిందా? మన ఉదాహరణ చీమ ముడుచుకుపోవడం ఇక్కడ నోట్ చేసుకోవలసిన విషయమే.

ఫోటోలు మూడు కోణాల్లో తీయండి: తల ఎదురుగా, పక్క నుంచి మొత్తం శరీరం, పైనుంచి ఛాతీ. చీమల నిపుణులు ప్రపంచమంతటా చూసేది ఈ మూడే. చీమ కదలకుండా ఉండాలంటే సీసాలో వేసి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి (ఫ్రీజర్‌లో కాదు). పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో తప్పకుండా తీయండి.

3. పట్టుకోవడం, లేబుల్ రాయడం

కుంచెను స్పిరిట్‌లో తడిపి చీమ మీద ఆనిస్తే అంటుకుంటుంది, సీసాలో ముంచితే వదులుతుంది. పట్టకారుతో నొక్కితే నడుము విరుగుతుంది, గుర్తింపులో సగం పని నడుముతోనే. ఒకే బారు నుంచి లేదా ఒకే గూటి నుంచి ఐదు నుంచి పది చీమలు తీసుకోండి. పెద్దవి, చిన్నవి రెండూ ఉంటే రెండూ తీయండి. రెండు గూళ్ళ చీమల్ని ఒకే సీసాలో కలపొద్దు. గూడు తవ్వనే వద్దు.

చేత్తో పట్టుకోకండి. చెట్ల మీద తిరిగే టెట్రాపోనెరా రుఫోనైగ్రా కుడితే నొప్పి గట్టిగా ఉంటుంది. పురుగు కాటుకి ఒళ్ళు దద్దుర్లు వచ్చేవాళ్ళు, ఊపిరి బిగుసుకునేవాళ్ళు ఈ పని ఇంకొకరికి అప్పగించండి.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. ఊరు, మండలం, జిల్లా, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఎక్కడ దొరికింది (ఉదాహరణకు "వేప చెట్టు మొదలు, మట్టిలో గూడు"), పట్టినవారి పేరు ఉండాలి. ఈ చీటీ లేని చీమ ఎంత అరుదైనదైనా ఎవరికీ పనికిరాదు.

ఎందుకింత పట్టుదల అంటే, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1851లో దక్షిణ భారతంలోని చీమల జాబితా ప్రచురించాడు. పొడవాటి దవడలతో ఎగిరి దూకే హార్పెగ్నాథస్ సాల్టేటర్‌కు పేరు పెట్టింది ఆయనే. అంత గొప్ప పని చేసినా, ఆయన పెట్టిన పేర్లలో కొన్ని ఏ చీమవో తర్వాతివాళ్ళు తేల్చలేకపోయారు. వర్ణన మిగిలింది, పోల్చి చూడడానికి నమూనా లేదు.

4. శ్రామిక చీమా, రాణా, మగదా?

గుర్తింపు కీలు (ప్రశ్నల జతలతో పేరు దాకా తీసుకెళ్ళే పట్టికలు) దాదాపు అన్నీ శ్రామిక చీమల కోసం రాసినవి. రెక్కలున్నదాన్ని పట్టి ఆ కీలో చూస్తే దారి తప్పుతుంది. రాణి రెక్కలు రాల్చేశాక శ్రామిక చీమలాగే నేల మీద తిరుగుతుంది. ఛాతీ ఉబ్బెత్తుగా ఉండి, పైన పలకలు అతికినట్టు గీతలు కనిపిస్తే అది రాణి. మగ చీమకు తల చిన్నది, కళ్ళు పెద్దవి.

ఇక్కడే ఇంకో పొరపాటు. ఫీడోలె ప్రజాతిలో ఒకే గూట్లో చిన్న చీమలూ, పెద్ద తలకాయ చీమలూ ఉంటాయి. వాటిని రెండు జాతులుగా రాసేస్తుంటారు. గండుచీమల్లో (కాంపోనోటస్ కంప్రెసస్) కూడా పరిమాణాల్లో బాగా తేడా ఉంటుంది.

5. నడుము బొడిపెలు లెక్కపెట్టండి

మొత్తం పనిలో కీలకమైన అడుగు ఇదే. చీమను పక్కకు తిప్పి, ఛాతీకీ పొట్టకీ మధ్య చూడండి.

ఒక బొడిపె ఉంటే ఎక్కువగా ఫార్మిసినే, డోలికోడెరినే, పోనెరినే ఉపకుటుంబాల్లో (ప్రజాతుల కన్నా పెద్ద గుంపులు) ఒకటి. రెండు ఉంటే ఎక్కువగా మిర్మిసినే. రెండు బొడిపెలతో పాటు ఒళ్ళు సన్నగా పొడవుగా, కళ్ళు పెద్దవిగా ఉండి చెట్టు మీద దొరికితే సూడోమిర్మెసినే. కళ్ళు అసలే లేకపోతే డోరిలినే కావచ్చు.

బొడిపె కనిపించడం లేదంటే లేదని కాదు. వంటింట్లో చక్కెర డబ్బా చుట్టూ తిరిగే, తల నల్లగా పొట్ట లేతగా ఉన్న బుల్లి చీమ టాపినోమా మెలనోసెఫాలంకి బొడిపె చదునుగా పొట్ట కింద దాక్కుని ఉంటుంది. వేలితో నలిపితే చెడిపోయిన కొబ్బరి లాంటి వాసన వస్తుంది, దానికి అదే మంచి గుర్తు.

మన ఉదాహరణ చీమకు రెండు బొడిపెలు. ఒళ్ళు సన్నగా పొడవుగా లేదు, కురచ. మిర్మిసినే వైపు వెళ్దాం.

6. పొట్ట చివర చూడండి

ఒక బొడిపె ఉన్నవాటిని విడదీయడానికి ఇది కావాలి. చివర గుండ్రటి రంధ్రం, చుట్టూ వెంట్రుకల అంచు ఉంటే ఫార్మిసినే. యాసిడ్ చిమ్మేది దాని నుంచే. అడ్డంగా చీలిక మాత్రమే ఉంటే డోలికోడెరినే. కొండి ఉండి, పొట్టలో మొదటి భాగం తర్వాత నొక్కినట్టు పల్లం ఉంటే పోనెరినే. కొండి చాలాసార్లు లోపలికి ముడుచుకుని ఉంటుంది కాబట్టి కనిపించకపోయినంత మాత్రాన లేదని రాయొద్దు. ఇంకో చీమను చూడండి. ఐదు నుంచి పది తెచ్చుకోమన్నది ఇందుకే.

7. మీసం ముక్కలు లెక్కపెట్టండి

మొదటి ముక్క పొడవుగా ఉంటుంది, దాని తర్వాత వంపు, ఆపైన చిన్న ముక్కల వరస. లెక్కలో మొదటి పొడవాటి ముక్క కూడా కలుస్తుంది. దాన్ని వదిలేసి ఒకటి తక్కువ లెక్కపెట్టడం అందరూ చేసే తప్పు. కష్టంగా ఉంటే ఒక మీసం విరిచి తెల్ల కాగితం మీద స్పిరిట్ చుక్కలో పెట్టండి. మొదలు నుంచి ఒకసారి, కొస నుంచి ఒకసారి లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవాలి. తర్వాత చివరి ముక్కలు ఎన్ని లావెక్కాయో చూడండి.

రెండు బొడిపెల చీమల్లో తరచుగా తగిలేవి:

- 10 ముక్కలు, చివరి రెండు లావు: మంట పుట్టేలా కుట్టే సొలెనాప్సిస్ కావచ్చు. మన దగ్గర సొలెనాప్సిస్ జెమినాటా ఉంది.
- 12 ముక్కలు, చివరి మూడు లావు, ఛాతీ వెనక రెండు ముళ్ళు, గూట్లో పెద్ద తలకాయ చీమలు: ఫీడోలె.
- 12 ముక్కలు, చివరి మూడు లావు, ముళ్ళు లేవు, నున్నటి చిన్న చీమ: మోనోమోరియం.
- రెండో బొడిపె పొట్ట పైభాగానికి అతికి ఉండి, పొట్టను వీపు మీదికి ఎత్తుతుంటే: క్రెమటోగాస్టర్. ఇక్కడ ముక్కల లెక్క కన్నా అతుకు చూడడం ముఖ్యం.
- 9 ముక్కలు, చివరి మూడు లావు, ఛాతీ పైన వెడల్పాటి పలక: మెరానోప్లస్.

ఒక బొడిపె ఉన్నవాటిలో కూడా లెక్క పనికొస్తుంది. కాళ్ళు పొడవుగా, పసుపు రంగులో గజిబిజిగా పరిగెత్తే అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్‌కి 11 ముక్కలు. అదేనేమోనని మనం పొరబడే మామిడి చెట్టు ఎర్రచీమకు (ఈకోఫిల్లా స్మరాగ్డినా) 12.

8. ఛాతీ, ముళ్ళు, గీతలు

ట్రేసింగ్ పేపర్ ఇప్పుడు బయటికి తీయండి. చీమ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది, లైటు నేరుగా పడితే తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనిపించదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి చీమ చుట్టూ నిలబెట్టి, బయట నుంచి లైటు వేయండి. సన్నటి గీతలు, గుంటలు, వెంట్రుకల మొదళ్ళు ఒక్కసారిగా తేలతాయి. ల్యాబ్‌లో మామూలు మైక్రోస్కోప్ మాత్రమే ఉంటే కింది లైటు ఆపేసి, పక్క నుంచి టార్చ్ వేయండి. కింది వెలుగులో చీమ నల్లటి నీడలా కనిపిస్తుంది, అంతే.

మన చీమను ఇలా పైనుంచి చూస్తే ఛాతీ ముందు భాగమంతా ఒకే పలకలా పరుచుకుని ఉంటుంది. అంచులు పక్కలకు పొడుచుకొస్తాయి, వెనక వైపు రెండు పొడవాటి సన్న ముళ్ళు నిలబడి ఉంటాయి. పలక వెనక అంచు కింది భాగాన్ని చూరులా కప్పేస్తుంది. తలకు రెండు పక్కలా లోతైన గాడి ఉంటుంది. తాకినప్పుడు మీసాలు ముడిచి ఆ గాడిలో పెట్టుకుంటుంది. అడుగు 2లో రాసుకున్న "ముడుచుకుపోయింది" అనే మాటకూ, ఈ గాడికీ సంబంధం ఇక్కడ తెలుస్తుంది.

రంగును మాత్రం చివరికి ఉంచండి. ఎరుపు ఛాతీ, నల్ల పొట్ట టెట్రాపోనెరా రుఫోనైగ్రాకూ ఉంటాయి, దాని తల కూడా నలుపే. కొత్తగా బయటికొచ్చిన చీమ లేత రంగులో ఉంటుంది, ముదిరాక నల్లబడుతుంది. స్పిరిట్‌లో చాలాకాలం ఉన్నా రంగు వెలుస్తుంది.

9. కొలవండి

మొత్తం పొడవు నమ్మదగ్గది కాదు, తిండి తిన్న చీమ పొట్ట సాగుతుంది. తల పొడవు, తల వెడల్పు, మీసం మొదటి ముక్క పొడవు, పక్క నుంచి ఛాతీ పొడవు, ఈ నాలుగూ తీసుకోండి. తల వెడల్పును తల పొడవుతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చేదాన్ని తల సూచిక అంటారు. జాతుల వర్ణనల్లో ఇది తరచుగా ఉంటుంది. మీరు చదువుతున్న వర్ణనలో వెడల్పు కళ్ళతో కలిపి కొలిచారా, కళ్ళు వదిలేశారా చూసుకోండి. ఒక్క చీమను కొలిచి ఆగిపోకుండా మీ దగ్గరున్నవన్నీ కొలవండి.

10. కీలో దారి వెతకండి

కీ అంటే జతలు జతలుగా ఉన్న ప్రశ్నలు. ప్రతి జతలో రెండు వాక్యాలూ పూర్తిగా చదివాకే ఒకటి ఎంచుకోండి. మొదటిది నచ్చిందని రెండోది చదవకుండా దూకితే తప్పు దారి పడుతుంది. వెళ్ళిన నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఎక్కడ సందేహం వచ్చిందో అక్కడ గుర్తు పెట్టండి. తేలకపోతే రెండు దారుల్లోనూ వెళ్ళి చూడండి. ఒక దారి కాసేపట్లోనే పొసగని చోటికి చేరుతుంది.

భారతదేశపు చీమలకు పాత పెద్ద ఆధారం సి.టి. బింగ్‌హామ్ 1903లో రాసిన సంపుటం. ఇప్పటికీ పనికొస్తుంది గాని పేర్లు చాలా మారాయి. అందులో సైమా అని ఉన్నది ఇప్పుడు టెట్రాపోనెరా. దొరికిన పేరును చీమల పేర్ల వెబ్‌సైటు యాంట్‌క్యాట్‌లో వెతికితే ఇప్పటి పేరు తెలుస్తుంది, ఇంకో వెబ్‌సైటు యాంట్‌వికీలో కొత్త కీలు దొరుకుతాయి.

ఫోన్ యాప్ సూచించిన పేరు ఎక్కడ వెతకాలో చెప్పే సలహా మాత్రమే. యాప్ ఫోటోను చూస్తుంది, మీసం ముక్కలు లెక్కపెట్టదు.

11. సరిచూసుకోండి

పేరు దొరికిందని సంబరపడే ముందు ఇవి చూడండి. కింద చెప్పిన యాంట్‌వెబ్, యాంట్‌మ్యాప్స్ కూడా చీమల వెబ్‌సైట్లే.

- యాంట్‌వెబ్‌లో ఆ జాతి నమూనా ఫోటోలు మూడు కోణాల్లో ఉంటాయి. మీ మూడు ఫోటోలు పక్కన పెట్టి చూడండి. ఏ ప్రాథమిక నమూనా మీద ఆ పేరు పెట్టారో దాని ఫోటో ఉంటే అదే చూడండి.
- యాంట్‌మ్యాప్స్‌లో ఆ జాతి మన దేశంలో నమోదైందా? దక్షిణ అమెరికాలో మాత్రమే ఉన్నదైతే కీలో ఎక్కడో జారారు. ఓడల్లో, మొక్కల కుండీల్లో ప్రయాణించి వచ్చే జాతులు మాత్రం దీనికి మినహాయింపు.
- మీ కొలతలు వర్ణనలో ఇచ్చిన హద్దుల్లో ఉన్నాయా?
- అదే గూటి మిగతా చీమలు కూడా అదే పేరుకు చేరుతున్నాయా?
- ఇంకొకరికి పేరు చెప్పకుండా సీసా ఇచ్చి, వాళ్ళు ఎక్కడికి చేరతారో చూడండి.

ఒక్కటి పొసగకపోయినా ప్రజాతి దగ్గర ఆగి "మెరానోప్లస్ ఎస్పీ. 1" (ఎస్పీ. అంటే జాతి, ఇంగ్లీషులో స్పీషీస్) అని రాయండి. ఫలానా జాతిలా ఉంది గాని ఖాయం కాదంటే ప్రజాతికీ జాతికీ మధ్య "సి.ఎఫ్." ("పోల్చి చూడండి" అని అర్థం) పెట్టండి. మన దేశంలో మెరానోప్లస్ జాతులు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి, అందుకే పలక ఆకారం, ముళ్ళు సరిచూడకుండా రంగు చూసి బైకలర్ అనకూడదు.

అన్నీ కుదిరితే వర్గీకరణ ఇలా రాయండి: క్రమం హైమెనాప్టెరా, కుటుంబం ఫార్మిసిడే, ఉపకుటుంబం మిర్మిసినే, ప్రజాతి మెరానోప్లస్, జాతి బైకలర్. పేరు పక్కన దాన్ని మొదట వర్ణించిన గెరిన్-మెన్‌విల్ పేరు, 1844 సంవత్సరం బ్రాకెట్లలో ఉంటాయి. ఆయన దీన్ని అమెరికా ఖండపు చీమల ప్రజాతి క్రిప్టోసెరస్‌లో పెట్టాడు, తర్వాత మెరానోప్లస్‌కు మారింది. ప్రజాతి మారిన ప్రతి జాతికీ మొదటి రచయిత పేరు ఇలా బ్రాకెట్లలోనే రాయాలి. అలా మారని వాటికి బ్రాకెట్లు పెడితే తప్పు.

12. కొత్త జాతేమో అనిపిస్తే

కీలో ఇమడనిది ప్రతీదీ కొత్త జాతి కాదు. చాలాసార్లు అది రాణి, లేదా కీ రాసినవాళ్ళ చేతికి అందని పాత జాతి. నిజంగా ఆశ ఉంటే, నమూనాలు కొన్ని 95 శాతం ఇథనాల్‌లో ఉంచండి. కొన్నిటిని ఎండబెట్టి, త్రికోణంగా కత్తిరించిన కాగితం మొనకు అతికించండి. కాళ్ళ మొదళ్ళ దగ్గర చిన్న గమ్ చుక్క చాలు. నడుము, తల గమ్‌లో మునగకూడదు.

కొత్త జాతి పేరు చెల్లాలంటే వర్ణన ప్రచురించాలి, ఒక నమూనాను ఆ పేరుకు ఆధారంగా ప్రకటించాలి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం మన దేశంలో కనుగొన్న కొత్త జాతి నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలి. జంతువుల విషయంలో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. దాని ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో, ఒక ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉన్నాయి. విదేశంలో ఉన్న నిపుణుడికి నేరుగా పోస్టులో నమూనాలు పంపేయకండి, దానికి నిబంధనలున్నాయి. ముందు ఫోటోలు పంపండి.

నిపుణుడికి రాసేటప్పుడు మూడు కోణాల ఫోటోలు, స్కేలు ఉన్న ఫోటో, లేబుల్ వివరాలు, బొడిపెల సంఖ్య, మీసం ముక్కల సంఖ్య, కీలో మీరు వెళ్ళిన నంబర్లు, ఎక్కడ ఆగిపోయారో ఆ నంబరు పెట్టండి. అవి చూడగానే వాళ్ళకు ఎక్కడ సాయం చేయాలో తెలుస్తుంది. జవాబు వచ్చేదాకా సీసాను నీడలో ఉంచి, స్పిరిట్ మట్టం తగ్గితే నింపుతూ ఉండండి.